ఈల వేయని పెట్టె

మైకు మావయ్యకి అసహ్యం కలిగించని విషయాలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడదామని ఆయన భార్య ఒకరోజు కూర్చుంది గానీ, ఒక్క వేలు కూడా మడవకుండానే లేచి పనిలో పడింది. మైకు ముందుకొచ్చి ఫూ ఫూ అని ఊదేవాళ్ళంటే ఆయనకి అసహ్యం. వేలితో టకటకా కొట్టి చూసేవాళ్ళంటే అసహ్యం. రెండు ముక్కలు మాట్లాడతానని లేచి నలభై నిమిషాలు తుంపరలు చల్లే పెద్దమనుషులంటే మరీ అసహ్యం. ఏ పెళ్ళి నుంచి వచ్చినా, ఏ సభ నుంచి వచ్చినా, అన్నానికి కూర్చునే ముందు మైకుల జల్లెడ మూతలు విప్పి, సబ్బునీళ్ళలో నానేసి, పాత పళ్ళ బ్రష్షుతో తోమి, కిటికీ గట్టు మీద బోర్లించేవాడు. ఇంట్లో గ్లాసుల కంటే అవే శుభ్రంగా ఉంటాయని భార్య దెప్పేది. గ్లాసులకి మన నోళ్ళే తగుల్తాయి, వీటికి ఊరందరి నోళ్ళూ తగుల్తాయి కదా అనేవాడు.

మావయ్య అని పిలిచే హక్కు నిజానికి ఒక్క మనిషికే ఉంది, ఆయన చెల్లెలి కూతురికి. ఆ పిల్ల చిన్నప్పుడు ఆయన వెంట సభలకి వచ్చి మావయ్యా మావయ్యా అని వెంటపడుతుంటే, మైకులు అద్దెకి తీసుకునేవాళ్ళంతా విని ఆ పేరే ఖాయం చేశారు. వరస లేని వాళ్ళందరికీ మావయ్య కావడం కూడా ఆయనకి కొంచెం అసహ్యమే.

ఈ పనిలో పాపం ఒక్కటే, ఈల. స్పీకర్లోంచి వచ్చిన శబ్దం మళ్ళీ మైకులో దూరి, మళ్ళీ స్పీకర్లోంచి బయటపడి, గానుగెద్దులా తిరిగి తిరిగి చివరికి కుయ్యిమని కూత పెడుతుంది. జనం చెవులు మూసుకుంటారు, పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు, మైకులవాడి పరువు గంగలో కలుస్తుంది. ఇరవై ఏళ్ళ కిందట ఒక సంతాప సభలో అందరూ తలలు వంచుకుని రెండు నిమిషాలు మౌనంగా నిలబడి ఉండగా వేరేవాడి సెట్టు ఇలాగే కూసింది. పోయినాయన లేచి వచ్చాడేమోనని ముందు వరసలో ఒకావిడ కుర్చీతో సహా వెనక్కి పడింది. తర్వాత మైకులవాళ్ళంతా ఒకచోట చేరి ఆ సంగతి చెప్పుకుని పొట్టలు పట్టుకుని నవ్వుతుంటే మావయ్య ఒక్కడే నవ్వలేదు. నా పెట్టె నలుగురిలో ఈల వేసిన రోజు దాన్ని దించేస్తాను, మళ్ళీ ఎత్తను అన్నాడు.

పెట్టె అంటే మీటల పెట్టె. ఒక్కో మైకుకి ఒక్కో మీట, మీట పక్కన చిన్న ఎర్రదీపం. శబ్దం హద్దు దాటితే దీపం వెలుగుతుంది. స్పీకర్లు, స్టాండ్లు, వైర్ల చుట్టలు అన్నీ బావమరిది మోసేవాడు. పెట్టెని మాత్రం మావయ్య ఇంకొకరి చేత ముట్టించేవాడు కాదు. నడుం పట్టేసి నెల రోజులు కర్ర ఊతంతో నడిచినప్పుడు కూడా ఒక చేతిలో కర్ర, ఇంకో చంకలో ఆ పెట్టె.

అలాంటి మనిషికి పోయిన చలికాలం ఒక బడి వార్షికోత్సవంలో ఒక వింత ఎదురైంది. పిల్లలు వరసగా నిలబడి పాడుతున్నారు, అంతా సవ్యంగా ఉంది. ఉన్నట్టుండి ముందు వరసల వాళ్ళు చెవులు మూసుకున్నారు. ఎక్కడో ఉన్న బావమరిది పరిగెత్తుకొచ్చి ఒక మీట కిందికి లాగేశాడు. నిన్నెవడు ముట్టుకోమన్నాడని మావయ్య కసిరాడు. బావమరిది ఏదో చెప్పబోయి, ఆయన ముఖం చూసి, వైరు వదులైంది బావా అని ఊరుకున్నాడు. మావయ్య కూడా ఆ బడి వైరింగుని తిట్టుకుని సరిపెట్టుకున్నాడు. ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆయనకి ఏ ఈలా వినపడలేదు.

వారం తర్వాత తనని ఎవరూ ఎరగని పేటలో ఒక చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. అద్దాల గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడ్డప్పుడల్లా ఈ బటన్ నొక్కమని చెప్పి ఒక నర్సు బయట కూర్చుంది. మొదట్లో నొక్కాడు, నొక్కాడు. ఆ తర్వాత ఎంతసేపటికీ ఏమీ రాలేదు. ఆ పిల్ల పని మానేసి ఫోను చూసుకుంటోందనుకుని ఒళ్ళు మండి తలుపు తీశాడు.

"మిగతాది ఎప్పుడు మొదలుపెడతావమ్మా?"

"అయిపోయిందండీ," అంది నర్సు.

సన్నటి శబ్దాలు పోయాయన్నాడు డాక్టర్. మాటలకి ఇప్పట్లో ఇబ్బంది లేదు, కానీ ముప్పై ఏళ్ళు స్పీకర్ల పక్కన నిలబడ్డ చెవి పోయినదాన్ని తిరిగి తెచ్చుకోదన్నాడు. మావయ్య ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి టంకం సామాన్ల డబ్బా అడుగున దాచాడు. ఎవరికీ చెప్పలేదు, భార్యకి కూడా.

అప్పటి నుంచి ముఖాలు చూసి పని నడిపాడు. ఎవరి కనుబొమ్మ ముడిపడినా, ఏ ముసలావిడ చెయ్యి చెవి దగ్గరికి పోయినా, మీట ఒక గీత కిందికి. అయినా పట్టుబడే ప్రమాదం వస్తే బావమరిది పక్కనే ఉండేవాడు, అడక్కుండానే మీట దించేవాడు. వాడికి తెలుసని ఈయనకి తెలుసు. ఇద్దరూ నోరు విప్పలేదు. పెళ్ళిళ్ళు గడిచాయి, సభలు గడిచాయి, పెట్టె ఈల వేయలేదని అందరూ అనుకున్నారు. పరీక్షలో పక్కవాడి కాగితం చూసి రాసినట్టు ఉండేది ఆయనకి. లోకంలో ఇన్ని అసహ్యాల మధ్య, ఇప్పుడు తన మీద తనకే రోత.

సరిగ్గా అప్పుడే మేనకోడలు వచ్చి అడిగింది. వాళ్ళ బ్యాండు పేటలోని యువజన సంఘం హాల్లో శనివారం సాయంత్రం వాయిస్తోందట. సంఘానికున్న రెండు స్పీకర్లలో ఒకటి మూగదట. మావయ్య వచ్చి సెట్టు పెట్టాలట.

ఈ పిల్ల సంగతి చెప్పుకోవాలి. ఎనిమిదేళ్ళప్పుడు పెట్టె ఖాళీ తొడుగు మీద కూర్చుని కాళ్ళు ఊపుకుంటూ సభలన్నీ వినేది. ఈల వచ్చే ముందు ఒక సన్నటి తీగ సాగుతుంది, దాన్ని పట్టుకోవాలి అని మావయ్య నేర్పాడు. నేర్పిన నెలకి ఆయన కంటే ముందే పట్టుకునేది. అదిగో అని ఆ స్వరాన్ని ముక్కుతో కూనిరాగం తీసి చూపించేది, ఆయన సరిగ్గా ఆ మీట లాగేవాడు. పెట్టె దీని చేతికే ఇస్తానని అప్పుడే మనసులో రాసిపెట్టుకున్నాడు. పదహారో ఏట ఆ పిల్ల సగం తల గొరిగించుకుని, మూడు తీగలు తెగిన గిటారు ఒకటి కొనుక్కొచ్చింది. ఇప్పుడు ఇరవై రెండు. పగలు మందుల గోడౌనులో అట్టపెట్టెలకి టేపు వేస్తుంది, సాయంత్రాలు గొంతు చించుకుంటుంది. దేవుడిచ్చిన చెవిని తీసుకెళ్ళి చెత్తకుండీలో పారేసిందని మావయ్య కడుపుమంట.

బ్యాండు పేరేమిటని అడిగాడు. చీము అంది. చీమూ నెత్తురూ ఉన్నవాళ్ళెవరైనా ఆ పేరు పెట్టుకుంటారా అన్నాడు. నెత్తురు అనే పేరు వేరేవాళ్ళు ముందే పెట్టేసుకున్నారు మావయ్యా అంది, నవ్వకుండా.

పంక్ అంటారట ఆ సంగీతాన్ని. శ్రుతి కలపడం, గొంతు సవరించుకోవడం దానికి తప్పులట. అంత రొదలో ఈల కాచుకోవడం మామూలు చెవికే కష్టం. వద్దనడమే తెలివైన పని. కానీ ఆ పిల్ల అడిగి రెండేళ్ళయింది ఏదైనా. పైగా శుభ్రమైన శబ్దం ఎలా ఉంటుందో వీళ్ళకి ఒక్కసారి చూపించాలన్న పొగరు కూడా ఉంది. సరే అన్నాడు.

హాలు అంటే గొప్పగా ఊహించుకోనక్కర్లేదు. సైకిల్ షాపు మీద మేడ. గోడకి నిలబెట్టిన పింగ్‌పాంగ్ బల్ల, కడగని మేజోళ్ళ వాసన, మూలన నీళ్ళు పోని మరుగుదొడ్డి. బ్యాండువాళ్ళు బట్టలు మార్చుకునే గదిలోకి వైరు లాగడానికి వెళ్ళిన మావయ్య ముక్కు మూసుకుని తిరిగొచ్చాడు. అక్కడ సింకులో ఎవరో నూడుల్స్ వదిలేశారు. ఎప్పటివో తెలీదు గానీ వాటికి గడ్డం మొలిచింది. వేదిక వెనక గోడ మీద 'ఇచ్చట ఉమ్మివేయరాదు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఆ రాతని చూసి, ఇంతమాత్రం జ్ఞానం ఉందిలే అనుకున్నాడు పాపం.

నాలుగున్నరకి మొదలైంది. ఎనభై మంది దాకా కుర్రకారు. సంఘం కార్యదర్శి, పగలు బీమా ఆఫీసులో గుమాస్తా, ముందే రెండు చెవుల్లో దూది కుక్కుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బావమరిది మొదటి పాట సగం విని, తల పగిలిపోతోంది బావా, వ్యాన్ దగ్గర ఉంటానని సైగ చేసి దిగిపోయాడు. అది పాట అని చెప్పారు కాబట్టి పాట అనుకోవాలి. గుండువాడు డ్రమ్ముల మీద పగ తీర్చుకుంటున్నాడు. మేనకోడలు మైకుని పళ్ళతో కొరుకుతున్నట్టు అరుస్తోంది. ఆ మైకు మూత ఇంటికెళ్ళి మూడుసార్లు తోమాలని లెక్క వేసుకున్నాడు మావయ్య.

పాట అయింది. చప్పట్లు లేవు. ముందు వరసలో ఉన్నవాళ్ళు కాండ్రించి, గురిచూసి, వేదిక మీదికి ఉమ్మారు. ఒకడు కాదు, పదిమంది. మేనకోడలి చొక్కా మీద పడింది, గిటారు మీద పడింది, మైకు మీద పడింది. మావయ్య కుర్చీలోంచి లేచి చేతికందిన స్టాండు ఎత్తాడు. కార్యదర్శి పరిగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. ఇది మెచ్చుకోలట. ఈ సంగీతం పుట్టిన చోట ఎప్పుడో చేసేవాళ్ళట, వాళ్ళు బుద్ధొచ్చి మానుకున్నాక మనవాళ్ళు ఎక్కడో చదివి మొదలుపెట్టారట. మావయ్య మళ్ళీ వేదిక వైపు చూశాడు. మేనకోడలు బుగ్గ మీద జారుతున్నదాన్ని మోచేత్తో తుడుచుకుని, సంతోషంగా తల ఊపుతోంది. ఆయన స్టాండు కింద పెట్టి కూర్చున్నాడు.

రెండో పాట, మూడో పాట. అసలు కష్టం అప్పుడు తెలిసింది. చూసి పనిచేద్దామంటే ముఖాలన్నీ ఒకలాగే ఉన్నాయి. అందరి కనుబొమ్మలూ ముడిపడే ఉన్నాయి, అందరి నోళ్ళూ తెరుచుకునే ఉన్నాయి. సగం మంది చెవులు మూసుకునే గెంతుతున్నారు. ఎర్రదీపాలు మొదటి నుంచీ వెలుగుతూనే ఉన్నాయి. ఆ హాలులో మామూలుగా ఉన్న ముఖం కార్యదర్శిది ఒక్కటే, దానికి దూది కారణం. మావయ్య ఎటు చూడాలో తెలియక మీటల మీద వేళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. చెవికి మాత్రం రొద రొదగానే ఉంది, పెద్ద తేడా ఏమీ తెలియలేదు.

నాలుగో పాట మధ్యలో మేనకోడలు పాడటం ఆపేసింది. మైకు నుంచి రెండడుగులు వెనక్కి వేసి, సూటిగా ఆయన వైపు చూసింది. వేలితో తన చెవి చూపించింది. వేదిక మీదున్నవాళ్ళు చెవి చూపిస్తే వినపడటం లేదు, పెంచమని. ముప్పై ఏళ్ళ అలవాటు. మావయ్య నాలుగో మీట పైకి తోశాడు.

హాలు హాలంతా ఒక్కసారి వంగిపోయింది. మోకాళ్ళ మీద పడ్డవాళ్ళు పడ్డారు, తలలు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నారు, ఆ వెంటనే ఎనభై గొంతులు ఒక్కటై ఆనందంతో గర్జించాయి. మేనకోడలు ఆయన్ని అలాగే చూస్తూ ఒక క్షణం నిలబడిపోయింది. తర్వాత గబుక్కున వెనక్కి తిరిగి గిటారుని తీసుకెళ్ళి దాని స్పీకరుకి ఆనించింది. అది బండిచక్రం కింద పడ్డ కుక్కలా ఊళ పెట్టింది. ఆ ఊళ మాత్రం మావయ్యకి బాగా వినపడింది. కూత రాకుండా ఎలా కాచుకోవాలో తాను ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పిన పిల్ల, కావాలని కూత పెట్టిస్తోంది. ఛీ అనుకున్నాడు. పాట పూర్తయ్యేదాకా ఆ పిల్ల గిటారు ఎత్తలేదు. ఎత్తాక మైకు వైరు పీకి పారేసి, ఆఖరి రెండు పాటలూ ఉత్త గొంతుతో అరిచింది. అది కూడా పొగరే అనుకున్నాడు.

అయిదింటికల్లా అయిపోయింది. మావయ్య వైర్లు విప్పబోతుంటే కుర్రకారు చుట్టూ మూగారు. గుండువాడు ఒళ్ళంతా చెమటతో వచ్చి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"మావయ్యా, ఆ ఈల ఉంది చూశారూ, నా పళ్ళు ఊడిపోతాయనుకున్నా. అంత ధైర్యం ఏ మైకులవాడికీ లేదు."

గిటారు కూత గురించా అని అడిగాడు మావయ్య.

"అది కాదు, అంతకు ముందు నుంచి వస్తోంది కదా. సన్నగా సూదిలాగా. మీరు దాన్ని ఇంకా పైకి లేపారు చూడండి, అది."

వచ్చే శనివారం నెత్తురువాళ్ళు వాయిస్తున్నారనీ, మిమ్మల్నే పిలవమని చెబుతాననీ అంటున్నాడు వాడు. వెనకనుంచి మేనకోడలు వచ్చి, ఆ ఈల నాది, గిటారుతో నేనే తెప్పించాను అని గట్టిగా చెప్పి, గుండువాణ్ణి డ్రమ్ములు సర్దుకోమని తోసేసింది.

మావయ్య పెట్టె వైపు చూశాడు. నాలుగో మీట పాడే మైకుది. ఈ పిల్ల పాడటం మానేసి అవతల నిలబడ్డప్పుడు కూడా దాని దీపం ఎర్రగా వెలుగుతూనే ఉంది. దీపం పాడయిందనుకున్నాడు తను. మనిషి లేని మైకుకి దీపం ఎందుకు వెలుగుతుందో ఈ పనిలో చేరిన వారానికే ఎవడికైనా తెలుస్తుంది. కార్యదర్శి దూది తీసుకుంటూ వచ్చి, చాలా బాగా చేశారండీ అని అభినందించాడు. ఆ మాట కంటే ముఖాన ఉమ్మితే నయమనిపించింది మావయ్యకి.

హాలు ఖాళీ అయ్యేదాకా ఆయన కుర్చీలోంచి లేవలేదు. మేనకోడలు వైర్లు చుట్టలు చుడుతోంది, తల ఎత్తకుండా.

"ఎంతసేపు వచ్చింది?" అన్నాడు.

"కొంచెంసేపే మావయ్యా."

"నా దగ్గర కూడా దాపరికమా?"

చుడుతున్న వైరు ఆపింది. "పాటంతా వచ్చింది. మూడో పాటలో కూడా ఉంది, సన్నగా."

"నువ్వు చెవి చూపించింది అందుకా?"

"ఊఁ."

ఇంకేమైనా అడుగుతాడేమోనని చూసింది. అప్పుడు తనే చెప్పుకుంటూ పోయింది. వీళ్ళు లెక్కలోకి రారంది. ఇక్కడ ఈల వస్తే తప్పు కాదంది. వీళ్ళందరికీ నచ్చింది కదా, నలుగురిలో అన్నది పెళ్ళిళ్ళకీ సభలకీ గానీ దీనికి కాదంది.

"నచ్చింది కాబట్టే రోతగా ఉంది," అన్నాడు మావయ్య. "సరే, ఎలా ఉందో చెప్పు."

"ఏది?"

"ఈల. నా పెట్టెలోంచి వచ్చింది, ఎలా ఉందో నాకు తెలియొద్దా? తీసి చూపించు, చిన్నప్పుడు తీసేదానివి కదా."

అసలుది చాలా పైన ఉంది, నా గొంతుకి అందదు అంది. అని, కొంచెం ఆలోచించి, కిందికి దించి తీస్తా, నీకు అందేలా అంది. కళ్ళు మూసుకుని ముక్కుతో కూనిరాగం అందుకుంది. అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు, అయినా స్వరం తప్పలేదు. ఎక్కడా వంగని, ఊపిరి తీసుకోని, జిగురులా అంటుకునే ఒకే ఒక్క స్వరం. మావయ్య తల ఒక పక్కకి వంచి ఆఖరిదాకా విన్నాడు. ఆమె ఊపిరి అయిపోయి ఆగింది.

"ఛీ," అన్నాడు. "ఇంత దరిద్రంగా ఉందా?"

"దరిద్రంగానే ఉంది మావయ్యా," అంది. ఉమ్ము ఎండిన బుగ్గ మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

మావయ్య లేచాడు. నాలుగు మైకుల మూతలూ విప్పి, రుమాలులో మూటకట్టి, ఎడంగా పట్టుకుని జేబులో వేసుకున్నాడు. పెట్టె బల్ల మీద ఉంది. దాని చుట్టూ ఒకసారి చెయ్యి పోనిచ్చి, తొడుగు వేసి, బిగించాడు. కింద వ్యాన్ తలుపు తీసిన చప్పుడైంది, బావమరిది హారన్ కొట్టాడు. మావయ్య వంగి, ఆ పిల్ల చుట్టిన వైర్ల చుట్ట ఎత్తి తన భుజానికి తగిలించుకున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన వైర్లు మొయ్యడం అదే మొదలు.

"అది నువ్వు ఎత్తు," అన్నాడు.

ఆమె పెట్టె వైపు చూసింది.

"బరువంతా ఎడమవైపు ఉంటుంది. చంకలో పెట్టుకో, చేత్తో ఊపుకుంటూ తీసుకెళ్ళావంటే చంపేస్తాను. ముందు చొక్కా మార్చుకో."

ఆమె చొక్కా మార్చుకుని వచ్చి పెట్టె ఎత్తుకుంది. మెట్ల మీద ఆమె ముందు నడిచింది. మావయ్య వెనకాల, ఎక్కడా ఉమ్ము తొక్కకుండా చూసుకుంటూ, ఒక్కో మెట్టే దిగాడు.